బావ నా చెవిలో చెప్పిన మాట

పోయిన నెలలో ఒక శనివారం మధ్యాహ్నం బగ్దల్ నుంచి ఒక బడిపంతులు మోటారు సైకిలు మీద రెండు బేస్ గిటార్లు కట్టుకుని మా ఇంటికి వచ్చాడు. రెండూ పాతవే. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. అమ్మేవాడు సాయంత్రం దాకా రెండూ దగ్గర పెట్టుకుని చూసుకొమ్మన్నాడట. నచ్చింది ఉంచుకుని రెండోది తిరిగి ఇచ్చేయాలి. వాళ్ల ఊరి క్రైస్తవ మందిరంలో పాటల జట్టుకు మామూలు గిటార్ ఉంది, తబలా ఉంది, కింది నుంచి మోసే శబ్దం ఒక్కటే లేదు. "అన్నా, గిటార్ మెడ చూసి చెప్పేటోడు బీదర్ల నువ్వొక్కడివే ఉన్నవన్నరు. రెండిట్ల ఏది తీసుకోమంటవ్?" అన్నాడు. నీళ్లిచ్చి కూర్చోబెట్టాను. మా ఇంటికి ఎవరైనా వచ్చి చాలా రోజులైంది. అందుకని నిజంగా కావలసిన దానికన్నా ఎక్కువసేపే చూశాను.

ఎర్రది పెళ్లికొడుకులా ఉంది. కొత్త తీగలు వేశారు. పాత బేస్‌కు కొత్త తీగలు వేసి అమ్మకానికి పెట్టారంటే ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. కూలే గోడకు సున్నం వేసినట్టు అది. వడ్రంగి పలకను చూసినట్టు గిటార్‌ను కంటికి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, మెడ పొడవునా చూశాను. మధ్యలో సన్నగా లోపలికి వంగి ఉంది. నల్లదాని వీపు నిండా ఎవరిదో బెల్టు బకిల్ గీసిన గీతలు, బరువు రాయిలా ఉంది. కానీ మెడ కొలబద్దలా తిన్నగా ఉంది. తీగను ఊరికే మీటి, తర్వాత సరిగ్గా మధ్య గడిలో నొక్కి మీటితే అదే స్వరం పైస్థాయిలో పలకాలి. నల్లది పలికింది, ఎర్రది కొంచెం తప్పింది. నల్లది తీసుకొమ్మన్నాను. పంతులు సంతోషపడి రెండూ మళ్లీ కట్టుకుంటూ, "ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నవన్నా?" అని అడిగాడు. "ఎవరో ఒకాయన చెప్పిండు" అన్నాను.

బండి వెళ్లిపోయాక గడపలోనే నిలబడిపోయాను. ఆ ఎవరో ఒకాయన మా అక్క భర్త. ఆయన దుకాణం మా ఇంటికి రెండు సందుల అవతల ఉంది. పన్నెండేళ్లుగా ఆ సందులో నుంచి పోవలసిన పనులకు నేను చుట్టు తిరిగి పోతున్నాను. ఆయన పేరు చెడిపోవడానికి కారణం నేను. ఇన్నేళ్ల తర్వాత, ఆ సంగతి ఏమీ తెలియని పంతులు ముందు కూడా ఆయన నాకేమవుతాడో చెప్పలేకపోయాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివేవాళ్లు నన్ను మన్నించాలని కాదు. ఆయన గురించి తప్పుగా విన్నవాళ్లు ఎక్కడైనా ఉంటే సరిగ్గా తెలుసుకోవాలని.

బావది భాల్కి పక్కన ఒక పల్లె. మోటారు వైండింగు నేర్చుకోవడానికి బీదర్ వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. కాలిపోయిన పంపు మోటార్లు, ఆగిపోయిన ఫ్యాన్లు విప్పి, నల్లబడ్డ రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం ఆయన పని. ఆయన చేతుల మీద ఎప్పుడూ వార్నిషు వాసన ఉండేది. ఆదివారం సబ్బుతో ఎంత రుద్దుకుని వచ్చినా మందిరంలో ఆయన పక్కన కూర్చుంటే ఆ వాసన తెలిసేది. ఆయన పెళ్లికి హైదరాబాదు నుంచి పాటల జట్టును పిలిపించారు. అందులో ఒకతను నాలుగు లావుపాటి తీగలున్న గిటార్ పట్టుకుని, ఎవరికీ సంబంధం లేనట్టు ఒక మూల నిలబడి వాయించాడు. బావ పెళ్లి పీటల మీద నుంచి అతన్నే చూస్తూ కూర్చున్నాడు. అక్క ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పేదో. "పెండ్లిల నా మొకం చూడలే ఈయన. గా నాలుగు తీగలోని మొకమే చూసిండు. ఉంగరం గూడ వానికే తొడుగుతడేమో అని భయపడ్డ." బావ నవ్వి ఊరుకునేవాడు.

పెళ్లయిన రెండేళ్లకు చేతిలో కొంత మిగిలాక, బావా నేనూ హైదరాబాదులో పాత సామాన్ల బజారుకు పోయాం. నేనప్పటికే మందిరంలో హార్మోనియం వాయించేవాణ్ణి కాబట్టి సంగీతం తెలిసినవాడి లెక్కన తోడు తీసుకుపోయాడు. తీరా అక్కడికి పోయాక నాకు తెలిసిందేమీ లేదని తేలింది. దుకాణంలో మూడు బేస్‌లు వేలాడుతున్నాయి. అమ్మేవాడు మెరిసేదాన్ని దించి, "ఒక్క చెయ్యి మీద నడిచిన మాల్ భయ్యా, చర్చిల ఆదివారం ఆదివారమే వాయించిండ్రు" అన్నాడు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎన్ని ఆదివారాలు భయ్యా?" అని అడిగాడు. వాడు వెంటనే రేటు చెప్పాడు. నాకు మాత్రం ఆ మెరిసేదే కొనాలనిపించింది. రెండోదాని మెడ పక్కకు మెలి తిరిగి ఉంది. మూడోది అసలు పలకదు. అమ్మేవాడే దాన్ని విడిభాగాల కింద పెట్టాడు. బావ ఆ మూడోదాన్నే ఒళ్లో పెట్టుకుని అరగంట కూర్చున్నాడు. తీగల కింద అయస్కాంతం పెట్టె ఉంటుంది కదా, అందులో జుట్టుకన్నా సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. అది ఎక్కడో తెగింది. మిగతావాళ్లకు అది చచ్చిన గిటార్. బావకు సగం పూట పని. నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు: "మెడ మంచిగున్నది బామ్మర్దీ. గొంతు పోతె తెచ్చుకోవచ్చు. మెడ పోతె రాదు."

దాన్ని తెల్ల దుప్పటిలో చుట్టి బస్సులో సీటు మీద పడుకోబెట్టాం. జహీరాబాద్ దాటాక కండక్టరు వచ్చి, ఆ ఆకారాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసి, నిద్రపోయే పిల్లనుకున్నానని కన్నడంలో అన్నాడు. గిటార్ అని చెప్పాక కూడా సగం టికెట్ కొట్టాడు. బావ ఆ టికెట్‌ను చాలా కాలం జేబు పుస్తకంలో దాచుకున్నాడు.

మరుసటి వారమంతా దుకాణం మూసేముందు కూర్చుని, దారపు ఉండ తిప్పే చిన్న చక్రం లాంటిది తయారు చేసుకుని, ఆ సన్నతీగను వేల చుట్లు చుట్టాడు. రెండుసార్లు తెగింది. మూడోసారి నిలిచింది. మొదటి ఆదివారం మందిరంలో వాయించినప్పుడు ఎవరూ ఆయన వైపు చూడలేదు. బేస్ వాయించేవాడి బతుకే అంత. ఒక ముసలమ్మ మాత్రం పాట మధ్యలో పక్కావిడ చెయ్యి పట్టుకుని, "బెంచీలు గుడగుడ అంటున్నయేందే, భూమి కదులుతుందా?" అన్నది. బావ ఆ మాటను ఏళ్ల తరబడి బిరుదులా చెప్పుకున్నాడు.

తర్వాత తర్వాత చుట్టుపక్కల మందిరాల వాళ్లు పాత బేస్ కొనాలన్నా అమ్మాలన్నా బావ దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన చూసి పెట్టినందుకు చాయ్ తప్ప ఏమీ తీసుకునేవాడు కాదు. తానే బాగుచేసి అమ్మిన వాటికైతే లోపాలన్నీ ముందే చెప్పేవాడు. ఎంతగా చెప్పేవాడంటే కొనడానికి వచ్చినవాళ్లు సగంమంది భయపడి వెళ్లిపోయేవాళ్లు. "ఇగో, ఈ గడి దగ్గర జర గరగర అంటది. ఈ తీగ చెవి తిప్పితె తిరుగుతది గని నిల్వది. గీడ పెయింటు నేనేసిన, కంపెనీది గాదు." అక్క లోపలి నుంచి, "అమ్ముతున్నవా, తిడుతున్నవా?" అనేది. నేను ఆయన వెనకాల తోకలా తిరిగాను. ఇవాళ నాకు తెలిసిందంతా ఆ తిరుగుడులో వచ్చిందే.

ఇక నా హార్మోనియం సంగతి చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అక్కడే ఉంది. అది మా నాన్నది. ఆయన మందిరంలో ముప్ఫై ఏళ్లు వాయించి, చివరి జబ్బులో నా చేతికి ఇచ్చాడు. నాన్నకు ఒక అలవాటు ఉండేది. ఏటా వానకాలం పోయాక పెట్టె విప్పి, లోపల స్వరాలు పలికే ఇత్తడి రేకుల మీద చిలుము పోవాలని వాటి కొసలను బ్లేడుతో సన్నగా గీకేవాడు. శుభ్రం చేస్తున్నాననుకునేవాడు. రేకు కొస పలుచబడే కొద్దీ శ్రుతి పైకి పోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ల గీకుడుకు మా పెట్టె ఉండవలసిన చోటికన్నా దాదాపు ఒక మెట్టు పైన పలికేది. మందిరంలో ఇంకో వాద్యం లేనన్నాళ్లు అది తప్పు అని తెలిసే దారి లేదు. అందరి గొంతులూ దానికే అలవాటు పడ్డాయి.

బావకు తెలిసింది. ఆయన చెవితో కాదు, చేత్తో కనిపెట్టాడు. బేస్ తీగలను మా పెట్టెకు కలపాలంటే అవి ఎక్కువ బిగించాల్సి వచ్చేది. లావు తీగలు నాలుగు కలిసి మెడను గట్టిగా లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికి మెడ లోపల ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. మెడ వంగుతుంటే దాన్ని బిగించి సరిచేస్తారు. బావ ఏటా కొంచెం కొంచెం బిగిస్తూ వచ్చాడు. "బామ్మర్దీ, మీ నాయిన పెట్టె జర పైకున్నది. గిటార్ గుంజుకపోతాంది. ఒక్కసారి ఎవలకన్న చూపియ్" అని రెండు మూడుసార్లు అన్నాడు. "మా నాయిన పెట్టె ముప్పై ఏండ్లు పలికింది. నీ గిటార్ నిన్నమొన్న ఫ్యాన్ తీగతోని లేచింది" అన్నాను నేను. నలుగురిలో అన్నాను. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు.

ఇంకొక సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఒక ఏడాది సభలకు జహీరాబాద్ నుంచి కీబోర్డు వాయించే ఆయన వచ్చాడు. సభ అయిపోయి అందరూ భోజనాలకు లేచాక, నేనొక్కణ్ణే ఉండి ఆయన కీబోర్డు మీద ఒక స్వరం నొక్కి, నా పెట్టె మీద అదే స్వరం నొక్కి చూసుకున్నాను. రెండూ పక్కపక్కనే నిలబడి కొట్టుకున్నట్టు వినబడ్డాయి. నా తెల్లమెట్టు ఆయన నల్లమెట్టుకు కలిసింది. పెట్టె మూసి చేతులు కడుక్కుని భోజనానికి పోయాను. అప్పటి నుంచి నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఆ పెట్టె తప్పయితే నాన్న ముప్ఫై ఏళ్లు తప్పు అయినట్టు, దాన్ని వాయించే నాకు మందిరంలో ఉన్న ఆ కొంచెం చోటు కూడా పోయినట్టు అనిపించింది.

మా మందిరంలో కోత పండుగ నాడు వేలం ఉంటుంది. ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి ముందు పెడతారు. జొన్నలు, కందులు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒకసారి కుట్టుమిషను. ఆరాధన అయ్యాక బయట షామియానా కింద వేలం వేస్తారు, వచ్చిన సొమ్ము మందిరానికి పోతుంది. దేవుని పేరిట అమ్మే వస్తువును వేలంలో పాడుకునేవాళ్లు విప్పి చూడకూడదు, బేరమాడకూడదు. అందుకని మా పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. వస్తువు తెచ్చినవాడు దాని లోపం ఏదైనా ఉంటే వేలం వేసేవాడి చెవిలో చెప్పాలి. వేలం వేసేవాడు దాన్ని అందరికీ వినబడేట్టు చాటాలి. ఈ కోడి కుంటిది, ఈ గడియారం రోజుకు పది నిమిషాలు వెనక పోతుంది, అని. చెప్పేవాడికి సిగ్గు ఉండకూడదని చెవిలో చెప్పడం, కొనేవాడికి మోసం ఉండకూడదని చాటడం. గొంతు పెద్దదని ఆ పని చాలా ఏళ్లు నాకే ఇచ్చారు.

పన్నెండేళ్ల కిందట ఆ పండుగకు బావ తన బేస్ తెచ్చి ముందు పెట్టాడు. అందరూ ఆశ్చర్యపోయారు. ఆయన దగ్గర అప్పటికి లావు మెడ ఉన్న ఇంకో గిటార్ వచ్చింది. పాతదాని కడ్డీ చివరికంటా బిగిసిపోయింది, ఇక తిప్పడానికి చోటు లేదు. నా చెవి దగ్గరికి వంగి అన్నాడు: "మెడ కడ్డీ ఆఖరికొచ్చింది బామ్మర్దీ. మన పెట్టె సుతికి కట్టొద్దు, ఒక మెట్టు దించి కట్టుకోమని చెప్పు. దించి కడితె ఇంకో పదేండ్లు బతుకుతది. మన కాడ ఉంటె చస్తది, అందుకే ఇస్తున్న." వార్నిషు వాసన, దాని వెనక ఆయన నమిలిన సోంపు వాసన ఇప్పటికీ గుర్తున్నాయి.

నేను నిలబడి గిటార్ ఎత్తి చూపించాను. ఆ మాట చాటాలంటే మన పెట్టె శ్రుతి అన్న మూడు ముక్కలు నా నోటితో అనాలి. ముందు వరసలో నాన్న వాయించినప్పుడు పాడిన పెద్దలందరూ కూర్చుని ఉన్నారు. "బేస్ గిటార్. మంచి గిటార్. లోపం ఏం లేదు" అన్నాను. హళ్ళిఖేడ్ మందిరం వాళ్లు నలుగురు కలిసి పాడుకున్నారు. బావ అప్పటికి వెనక వంట దగ్గరికి వెళ్లిపోయాడు. బిందెలు దించుతున్నాడు, వినలేదు. నేను అంతటితో ఆగలేదు. వాళ్లు వెళ్లేముందు నా పెట్టె తెరిచి, నాలుగు తీగలనూ దానికి కలిపి ఇచ్చాను. శ్రుతి తప్పకుండా ఉండాలని వాళ్లు ఆ నాలుగు స్వరాలను ఫోన్లో రికార్డు చేసుకున్నారు. నాకు దండం పెట్టి మరీ పోయారు.

ఎండాకాలమంతా వాళ్లు ఆ రికార్డు పెట్టుకుని, రోజూ చూసుకుంటూ, తీగ కాస్త జారితే మళ్లీ పైకి బిగిస్తూ వచ్చారు. అంత శ్రద్ధగా ఎవరూ ఒక గిటార్‌ను పాడుచేసి ఉండరు. వాన పడేనాటికి మెడ కొడవలిలా లేచింది. తీగకూ మెడకూ నడుమ వేలు దూరేంత సందు. దుప్పటిలో చుట్టుకుని తెచ్చి మా పెద్దల ముందు పెట్టారు. "దేవుని వేలంల వంకర మాల్ ఇచ్చి లోపం దాచిండు మీ వైండింగాయన" అన్నారు వాళ్ల పెద్ద. కోపంగా కూడా అనలేదు, బాధపడి అన్నారు. అదే ఎక్కువ తగిలింది.

ఆరుగురు పెద్దలు, పాస్టరు అయ్యగారు, హళ్ళిఖేడ్ వాళ్లు నలుగురు, బావ, నేను. మందిరం లోపల గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పెద్దల్లో అందరికన్నా చిన్నాయన, అప్పట్లో బ్యాంకులో పనిచేసేవాడు, నన్ను అడిగాడు: "ఆయన నీకు లోపం చెప్పిండా, చెప్పలేదా? చాటేది నువ్వే గద." అందరూ నా వైపు చూశారు. బావ కూడా చూశాడు. ఆయన ముఖంలో భయం లేదు. నేను చెప్తానని పూర్తిగా నమ్మిన ముఖం అది.

"నాకేం చెప్పలేదు" అన్నాను.

బావ కిందికి చూశాడు. అప్పుడాయన నోరు తెరిస్తే నేను అబద్ధమాడానని అనాలి, అనాలంటే చచ్చిపోయిన మామ పెట్టె తప్పని ఆయన కూతురి మొగుడే పెద్దల ముందు అనాలి. కాసేపు తన అరచేతిలో మరకను బొటనవేలితో రుద్దుకున్నాడు. తర్వాత, "చెప్పుడు మర్చినట్టున్న. తప్పు నాదే" అన్నాడు. గిటార్ తన దగ్గరికి తీసుకుని, వాళ్లు పాడిన సొమ్ము మర్నాడే తన చేతి నుంచి ఇచ్చేశాడు. తర్వాతి ఆదివారం మందిరానికి రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. బేస్ చూసి పెట్టమని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు ఆగిపోయారు. లోపం దాచేవాడికి ఎవరు చూపిస్తారు? వాళ్లు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నేను చూసి పెట్టాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వేలం రోజున అక్క ఆడవాళ్ల చాప మీద కూర్చుని ఉంది. బావ నా చెవి దగ్గరికి వంగడం చూసింది. పెద్దల కూటం జరిగిన మూడోరోజు పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. "ఆయన నీ చెవిల ఏం చెప్పిండురా?" అని అడిగింది. "గుర్తు లేదక్కా" అన్నాను. నా ముఖం కొంతసేపు చూసి వెళ్లిపోయింది. నాలుగేళ్ల కిందట నా భార్య పోయినప్పుడు వచ్చింది. శవం దగ్గర కూర్చుని ఏడ్చింది, కొత్తచీర కప్పింది, సమాధి దాకా నడిచింది. నాతో ఒక్క మాట అనకుండా అక్కణ్ణుంచే తన ఇంటికి పోయింది. మాకు పిల్లలు లేరు. బడిలో గుమాస్తా పని, సాయంత్రం వంట, ఆదివారం మందిరం. మూడేళ్ల కిందట మందిరంలోకి కీబోర్డు వచ్చింది, అప్పటి నుంచి నన్ను వాయించమని ఎవరూ అడగడం లేదు. నేను వెనక బెంచీలో కూర్చుంటాను.

బగ్దల్ పంతులు వచ్చిపోయిన మర్నాడు కాదు, ఆ మర్నాడు కూడా కాదు, బుధవారం నాడు బావ దుకాణానికి పోయాను. జుట్టంతా తెల్లబడింది. కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. ఒళ్లో ఫ్యాన్ పెట్టుకుని ఎడమచేత్తో తీగ చుడుతున్నాడు. నన్ను చూసి, నేను నిన్న కూడా వచ్చి పోయినట్టు, స్టూలు కాలితో ఇటు జరిపాడు.

"ఏం ఖరాబైంది? మిక్సీనా?" అన్నాడు.

"ఏం కాలేదు బావా. ఊకెనే వచ్చిన."

"పన్నెండేండ్లకు ఊకెనే వస్తరా ఎవలన్న? కాలిపోయినంకనే వస్తరు నా కాడికి."

నేను చెప్పాను. పెట్టె సంగతి, జహీరాబాద్ కీబోర్డు సంగతి, తెలిసే చాటలేదన్న సంగతి. ఆయన చుట్టడం ఆపలేదు. చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడేమో, పెదాలు కదులుతున్నాయి. అంతా అయ్యాక, "నాకెర్కనే గద" అన్నాడు.

"గిటార్ ఏమైంది బావా?"

"మెడ ఎట్లనూ పోయింది. నేను చుట్టిన రాగి ఉండె గద, అది విప్పి దాచిన. మంచి తీగ. దేన్లనో చుట్టేసినుంట, ఎవలింట్ల పలుకుతుందో."

"ఆదివారం మందిరంల లేచి అందరి ముందు చెప్త."

ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. "నా కోసమైతె వద్దు. నాకు వాయించుడు ఎట్లనూ అయిపోయింది, ఈ వేళ్లు చూడు. నీ కోసమైతె చెప్పుకో, నీ ఇష్టం." మళ్లీ ఫ్యాన్ మీదికి వంగి, "గొంతు జర పెద్దగ చెయ్. నువ్వు గట్టిగ చెప్పవలసినప్పుడు చెప్పవ్" అన్నాడు. ఎత్తిపొడుపో, హాస్యమో నాకు తెలియలేదు. వెనక గదిలో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క బయటికి రాలేదు.

ఆదివారం, ఎవరి అనుభవం వాళ్లు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచాను. పెట్టె శ్రుతి దగ్గర మొదలుపెట్టి, నాకేం చెప్పలేదు అన్న మాట దాకా ఏదీ దాచకుండా చెప్పాను. గొంతు పెద్దగానే చేశాను. చెప్పి కూర్చున్నాక చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాధపడి కాదు, ఎవరి గురించో అర్థం కాక. కొత్తగా వచ్చిన అయ్యగారు, "మంచి సాక్ష్యం, దేవునికి స్తోత్రం" అని, వచ్చే వారం మందిరం కడగడానికి ఎవరెవరు రావాలో పేర్లు చదివారు. బయట చెప్పులు తొడుక్కుంటుంటే కీబోర్డు వాయించే అమ్మాయి దగ్గరికి వచ్చి, "అంకుల్, మన మందిరంల ముందు బేస్ ఉండెనా? ఎవరు వాయించిండ్రు?" అని అడిగింది. మా అక్క భర్త అని చెప్పాను. పేరు చెప్పాను. ఇల్లు ఎక్కడో చెప్పాను. ఆ అమ్మాయి తల ఊపి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బస్సెక్కి హళ్ళిఖేడ్ పోయాను. ఆనాడు వచ్చిన నలుగురిలో వాళ్ల పెద్ద పోయాడు, ఇద్దరు ఊరు విడిచారు. నాలుగో ఆయన చెరకు తోట గట్టు మీద దొరికాడు. అంతా విని, "గిటారా? మేం మీ కాడ కొన్నమా?" అని అడిగాడు. ఎంత గుర్తు చేసినా ఆయనకు గుర్తు రాలేదు. ఆయన దగ్గర నా అబద్ధం కూడా మిగల్లేదు, ఇక దాన్ని నేనేం సరిదిద్దాలి?

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అక్క వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు ఆపింది.

"చెప్పినవంట" అంది.

"చెప్పిన అక్కా."

"గా నాడు కుర్చీలల్ల కూసున్నోళ్లు ఇయ్యాల ఎవరెవరున్నరు?"

నేను లెక్కపెట్టాను. అప్పటి అయ్యగారు బదిలీ మీద వెళ్లిపోయారు. పెద్దల్లో ముగ్గురు చనిపోయారు. ఒకాయన కొడుకు దగ్గరికి పూణె పోయాడు. ఒకాయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. నన్ను ప్రశ్న అడిగిన బ్యాంకాయన ఒక్కడు ముందు బెంచీలో కూర్చున్నాడు. అదే చెప్పాను.

"ఆయనకు చెవులు వినరాక రెండేండ్లాయె గదరా" అంది అక్క.

నాకు ఆ సంగతి తెలియదు. వెనక బెంచీలో కూర్చునేవాడికి ముందు బెంచీలో ఎవరికి ఏం వినబడుతుందో ఎలా తెలుస్తుంది? అక్క నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది, నేను నిలబడ్డ చోటు మాత్రం వదిలేసి చుట్టూ ఊడ్చింది.

నిజం ఎప్పుడు చెప్పినా నిజమేనని నేను పన్నెండేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ పన్నెండేళ్లూ కాలం ఊరికే ఉండలేదు. నా అబద్ధం విన్నవాళ్లను ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. నేను నిజం చెప్పడానికి లేచి నిలబడేసరికి, దాన్ని వినవలసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను.